చేవెళ్ల దారిలో చక్రం: ఇనుప పట్టా మొదలు అన్ని నేలల టైరు దాకా



పండిన పంట అంగడికి చేరితేగాని రైతుకు పండినట్టు కాదు. చిల్కూరు తోటల్లో కోసిన పూలు, మొయినాబాద్ టమాట, చేవెళ్ల క్యారెట్టు, కొత్తిమీర, ఇవన్నీ తెల్లవారేలోగా గుడిమల్కాపూరుకో, మెహిదీపట్నం రైతు బజారుకో చేరవలసినవే. దారిలో టైరు పేలి రెండు గంటలు ఆగితే కొత్తిమీర వాడిపోతుంది, బేరం పడిపోతుంది. టైరు పేలిన చోటు మలుపైతే నష్టం కొత్తిమీర కట్టలతో పోదు. అందుచేతనే పికప్ బండికి ఏ టైరు వేయించాలి, దాన్ని ఎట్లా కాపాడుకోవాలి అని రైతులు అడుగుతుంటారు. "ఆల్ టెర్రైన్ అని ఒక రకం ఉన్నదట, అన్ని నేలల మీదా నడుస్తుందట, వేయించమంటారా?" అనేవారూ ఉన్నారు.

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు గాని, ఆ జవాబు నిలవదు. చక్రం కథను కొంచెం వెనక్కు వెళ్ళి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక మాట మాత్రం ముందే చెప్పి ఉంచుతాను. చక్రం బాగుపడిన ప్రతిసారీ ఆ మేలును మనం ఎద్దుకూ మిగల్చలేదు, బండికీ మిగల్చలేదు. బరువు పెంచి దాన్ని ఖర్చు పెట్టుకున్నాము.

మన తాతల నాటి ఎడ్లబండి చక్రం కొయ్యది. దాని చుట్టూ ఇనుప పట్టా. పట్టా తొడగడం ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేసే పని. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. ఇనుము చల్లారి ముడుచుకొని కొయ్యను బిగించి పడుతుంది. మేకు అవసరం లేదు, జిగురు అవసరం లేదు. ఎండాకాలం వచ్చి కొయ్య ఎండితే పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని కుంటలోనో వాగులోనో నానవేసేవారు. కొయ్య ఉబ్బి పట్టా మళ్ళీ బిగుసుకునేది. ఇక ఇరుసుకు కందెన. ఆముదంలో గడ్డి మసి కలిపి, గొట్టంలో పోసి బండి కిందనే వేలాడదీసేవారు. కందెన గొట్టం లేకుండా పొరుగూరికి బండి కట్టిన రైతు లేడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ బండికి గట్టి గుణం ఏమిటంటే, పాడైతే బాగుచేసేవాడు ఊళ్ళోనే ఉన్నాడు. చెడ్డ గుణం ఏమిటంటే, ఆ పట్టా నేల మీద కత్తిలాగా నడుస్తుంది. అంగుళంన్నర, రెండంగుళాల వెడల్పు ఇనుము గట్టి నేలను తాకేది సన్నని గీత మేరకే. బరువంతా ఆ గీత మీదనే. చిల్కూరు పక్క ఎర్ర చెల్క నేలలో, మొరం బాటలో అది లోతైన గాడి చేస్తుంది. చేవెళ్ల దాటి పడమటికి పోయేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. వానకాలంలో ఆ రేగడిలో ఇనుప చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. అప్పుడు ఎద్దు మోకాళ్ళ మీద పడి లాగవలసిందే. చేవెళ్ల నుంచి పట్నం సుమారు 40 కిలోమీటర్లు. ఎద్దు నడక గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు. సరుకుతో బయలుదేరిన బండికి పది పన్నెండు గంటల ప్రయాణం. ఆ లెక్కన ఆకుకూర పట్నం చేరే పంట కాదు. పట్నానికి పోయేవి ధాన్యం, జొన్న, కట్టెలు, ఎండుగడ్డి.

పట్టాల బండ్లు రోడ్లను కోసివేస్తున్నాయని ఇంజనీర్ల గోడు పాతదే. 1927లో జయకర్ కమిటీ దేశంలోని రోడ్ల సంగతి విచారించింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. కంకర రోడ్డుకు మోటారు వేగం ఒక దెబ్బ, ఇనుప పట్టా మరొక దెబ్బ. మన హైదరాబాదు రాజ్యంలో 1932లో నిజాం రైల్వే వారు రోడ్డు రవాణా శాఖ తెరిచి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో పని మొదలుపెట్టారు. బస్సు రబ్బరు టైరు మీద, రైతు బండి ఇనుప పట్టా మీద, ఇద్దరూ ఒకే దారిలో నడిచిన కాలమది.

ఇంతకూ ఆ రబ్బరు టైరు ఎక్కడిది? చెట్టు పాలనుంచి వచ్చింది. ఆ విధంగా టైరు కూడా సేద్యపు సరుకే. బ్రెజిల్ అడవుల్లోని రబ్బరు చెట్టు విత్తనాలను 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు లండను పక్కనున్న క్యూ తోటకు చేరవేశాడు. సుమారు 70,000 గింజలు. వాటిలో మొలిచినవి కొన్నే గాని, సింహళం, మలయా దేశాల తోటలకు మూలం ఆ మొలకలే. ఆ తరువాత కేరళలో కూడా రబ్బరు తోటలు లేచాయి. ఈనాటికీ మన దేశపు సహజ రబ్బరులో పెద్దపాలు కేరళ రైతులదే. తెల్లవారుజామున చెట్టు బెరడు గీసి, చిప్పలో కారిన పాలను పోగుచేసే చిన్న రైతులు వారు.

ఐతే పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. దాన్ని గంధకంతో ఉడికించి నిలకడ తెచ్చే పద్ధతిని 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టవచ్చునని 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. కాని ఆనాడు దాని అవసరం ఎవరికీ కనబడలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి మళ్ళీ అదే పని చేశాడు. ఆయన వృత్తిరీత్యా పశువైద్యుడు. గాలి టైరును లోకానికి ఇచ్చినవాడు పశువుల డాక్టరు కావడం మన శ్రోతలకు ఇంపుగానే ఉంటుంది. ఏడేండ్లకు, 1895లో, ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు వేసిన మోటారు కారును పారిస్ నుంచి బోర్డోకు, తిరిగి పారిస్‌కు నడిపి చూపించారు. దారి పొడుగునా పంక్చర్లే. ఐనా కారు నడిచింది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక లెక్క చూద్దాం. ఈ లెక్క తెలిస్తే టైరు సంగతి సగం తెలిసినట్టే. బండి బరువును మోసేది రబ్బరు కాదు, అందులోని గాలి. ఒక టన్ను బరువున్న రెండు చక్రాల బండి అనుకోండి. ఒక్కొక్క చక్రం మీద 500 కిలోలు. టైరులో 30 పౌండ్ల గాలి ఉన్నదంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి అన్నమాట. 500ను 2.1తో భాగిస్తే దాదాపు 240 చదరపు సెంటీమీటర్లు. అంటే 16 సెంటీమీటర్ల పొడుగు, 15 సెంటీమీటర్ల వెడల్పు గల చోటు. టైరు అంత మేర చదునై నేల మీద కూర్చుంటుంది. ఇనుప పట్టా గీత మీద నిలిస్తే, గాలి టైరు పీట వేసుకొని కూర్చుంటుంది. అందుకే దిగబడదు, అందుకే ఎద్దుకు సుఖం. గాలి తగ్గిస్తే పీట పెద్దదవుతుంది, గాలి పెంచితే చిన్నదవుతుంది. బురదలో ఒక తీరు, తారు రోడ్డు మీద ఒక తీరు ఎందుకు ఉండాలో ఈ ఒక్క లెక్కలోనే ఉన్నది.

1936లో డన్‌లప్ కంపెనీ వంగదేశంలోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. ఎడ్లబండికి వేసే గాలి టైర్లు కూడా ఆ కంపెనీ తయారు చేసింది. ఆ పేరే జనం నోట నిలిచింది. ఏ కంపెనీ టైరు వేసినా మన వైపు అది "డన్‌లప్ బండి"యే. ఇప్పుడు సాహాగంజ్ కర్మాగారం మూతబడింది గాని మాట మిగిలింది. మాటలు ఇట్లా బ్రతుకుతుంటాయి. అదనపు చక్రాన్ని మనం "స్టెప్నీ" అంటాం కదా, అది వేల్సు దేశంలోని ఒక వీధి పేరు. 1904లో ఆ వీధిలో అదనపు చక్రాలు తయారు చేసి అమ్మిన కంపెనీ ఎప్పుడో పోయింది. పేరు మాత్రం చేవెళ్ల పంక్చరు దుకాణంలో వినబడుతూనే ఉన్నది.

డన్‌లప్ బండి అంత మంచిదైతే రైతులందరూ వెంటనే ఎందుకు కొనలేదు? వారిని మొండివారని అనేవారున్నారు. నేను అనను. వారి లెక్క వారికి ఉన్నది. గాలి టైరు చక్రాల జత ఖరీదు ఎక్కువ. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ఊళ్ళో పంక్చరు వేసేవాడు లేడు. కమ్మరికి, వడ్రంగికి గింజలు కొలిచి పని చేయించుకొనే అలవాటు ఉన్న చోట రొక్కం పెట్టి ట్యూబు కొనడం భారమే. లారీల, కార్ల పాత ఇరుసులు, అరిగిన టైర్లు పట్నంలో చౌకగా దొరకడం మొదలైన పిమ్మటనే పల్లెల్లో టైరు బండ్లు పెరిగాయి. బెంగళూరు ఐఐఎంకు మొదటి డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి మంచి బండి తయారుకావాలని, ఎద్దు మెడకు బాధ తగ్గాలని చాలా ఏళ్ళు పాటుపడ్డారు. పెద్ద చదువుల సంస్థ ఎడ్లబండి గురించి ఆలోచించిందని అప్పట్లో నవ్వినవారూ ఉన్నారు. నవ్వవలసిన పని కాదది.

టైరు బండి వచ్చాక జరిగిందేమిటి? లాగడం తేలికైంది కనుక బరువు పెంచారు. పట్టాల బండిలో వేసేదానికి రెట్టింపు వేసిన చోట్లు కూడా ఉన్నాయి. చదును దారిలో ఎద్దుకు తెలియలేదు. దిగుడులో మాత్రం బండి తనంతట తాను ఉరికి కాడిని ఎద్దుల మెడ మీదికి తోస్తుంది. ఇనుప చక్రం నేలను కరుచుకొని కొంత ఆగేది, రబ్బరు చక్రం ఆగదు. బ్రేకు లేని టైరు బండి దిగుడులో ఎద్దుకు గండమే. చక్రం చేసిన మేలు బస్తాల కిందికి పోయింది.

ట్రాక్టరుకు కూడా మొదట ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలో అల్లిస్ ఛామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ టైర్లతో ట్రాక్టరు అమ్మకానికి తెచ్చింది. మొదటి ప్రయత్నంలో వేసినవి విమానం చక్రాలకు వేసే టైర్లు. రబ్బరు దుక్కిలో జారుతుందనీ, మోళ్ళకు చీలుతుందనీ అక్కడి రైతులు కూడా నమ్మలేదు. నమ్మించడానికి ట్రాక్టర్లతో పరుగు పందేలు పెట్టవలసి వచ్చింది. పది పన్నెండేండ్లలో ఇనుప చక్రం దాదాపు మాయమైంది. మన దగ్గర దమ్ము చేసే కేజీ వీల్స్ రూపంలో మిగిలింది. కేజీ వీల్స్ విప్పకుండా తారు రోడ్డు ఎక్కించవద్దని ఈనాటికీ అధికారులు చెబుతూ ఉంటే, 1930ల నాటి ఇంజనీర్ల గోడే మళ్ళీ వింటున్నట్టుంటుంది.

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు దగ్గరపడ్డాము. అన్ని నేలల మీద నడిచే మోటారు బండి ఆలోచన యుద్ధంలో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధపు జీపుకు వేసిన టైరు మీద దిట్టమైన దిమ్మల అచ్చు ఉండేది. ముందుకూ వెనక్కూ ఒకే తీరున పట్టు దొరకాలని అట్లా చేశారు. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో జీపుల బిగింపు మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు ఆరంభమయ్యాక బ్లాకు జీపు పల్లె బాటలు పట్టింది. ఎర్ర మొరం దుమ్ములో ఆ దిమ్మల జాడ చూచి, అధికారులు వచ్చి వెళ్ళారని ఊరు తెలుసుకునేది. ఆ టైరు బురదలో బాగుండేది. తారు మీద మాత్రం రొద పెట్టేది, తొందరగా అరిగేది.

1946లో మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరుకు పేటెంటు పొందింది. పాత పద్ధతి టైరులో నూలు లేదా నైలాను దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరొక అంచుకు తిన్నగా వెళ్ళి, నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. పక్క భాగం మెత్తగా వంగుతుంది, నేలను తాకే భాగం చదునుగా నిలుస్తుంది. వేడి తక్కువ, అరుగుదల తక్కువ. ఈ రేడియల్ కట్టుబడి మీద దిమ్మల అచ్చు వేసి, తారు మీద కూడా ఓర్చుకొనేటట్టు చేసినదే ఆల్ టెర్రైన్ టైరు. 1976లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ ఆ పేరుతో తెచ్చిన టైరుతో అది ప్రసిద్ధికెక్కింది. అమెరికాలో వారాంతంలో కొండలెక్కే పికప్ బండ్ల కోసం పుట్టిన సరుకు అది.

మన పికప్పుల కథ వేరు. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్, ఆ దరిదాపుల్లోనే బొలెరో పికప్పులు వచ్చాయి. జనం ఏస్‌ను చోటా హాతీ అన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టి పూర్తయినవి. ఆ జలాశయాల ఎగువ భూములను కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చి, చిల్కూరుతో సహా 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. ఆ ఉత్తర్వు మంచిచెడ్డల తగవులోకి నేను పోను. పట్నం పక్కనే ఉన్నా ఇక్కడ పూలు, కూరగాయల సేద్యం చాలాకాలం నిలవడానికి అదీ ఒక కారణం. 1999 జనవరిలో రైతు బజార్లు తెరిచారు. తోట నుంచి నేరుగా పట్నానికి సరుకు పోవాలి, దానికి చిన్న బండి కావాలి. అట్లా పికప్ ఈ ప్రాంతపు ఎడ్లబండి అయింది.

మరి ఆల్ టెర్రైన్ వేయించాలా? మీ బండి ఒక రోజు నడిచే దారిని కొలవండి. చిల్కూరు తోట నుంచి ఊరి రోడ్డు దాకా మొరం బాట రెండు మూడు కిలోమీటర్లు. అక్కడి నుంచి మెహిదీపట్నం దాకా, తిరిగి ఇంటి దాకా తారు రోడ్డు నలభై యాభై కిలోమీటర్లు. అంటే ప్రయాణంలో పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళకు పైగా తారే. తారు మీద దిమ్మల టైరు బరువెక్కువ, రొద ఎక్కువ, డీజిల్ కొంత ఎక్కువ తాగుతుంది. తడిసిన తారు మీద పట్టు సాధారణ టైరు కంటె కొంత తక్కువే ఉంటుంది. మొరం గట్టిపడిన బాట ఉన్న రైతుకు కంపెనీ ఇచ్చిన రోడ్డు టైరే చాలునని నా అభిప్రాయం. ముందు చక్రాలకు నిలువు గాళ్ళున్న రిబ్ టైరు, వెనుక తోసే చక్రాలకు కొంచెం దిమ్మలున్న టైరు వేసే అలవాటు మన డ్రైవర్లలో ఉన్నది. చాలా పికప్పులకు ఇంజను బలం వెనుక చక్రాలకే పోతుంది కనుక అది తెలివైన అలవాటే. ఐతే ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకే రకం, ఒకే కొలత, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోయే బండి ఐతే నాలుగూ ఒకటే ఉండాలి.

నల్లరేగడి పొలంలోకి వానకాలంలో కూడా బండి దించక తప్పని చేవెళ్ల రైతు సంగతి వేరు. ఆయన ఆల్ టెర్రైన్ వేయించుకోవచ్చు. కాని ఒకటి తెలుసుకోవాలి. తడి రేగడి దిమ్మల సందుల్లో నిండుకుంటే ఏ టైరైనా నున్నటి రోకలి బండ వంటిదే. సందులు వెడల్పుగా ఉన్న అచ్చు చక్రం తిరుగుతుంటే బురదను కొంత విదిలించుకుంటుంది, ఇరుకు సందుల అచ్చు విదిలించుకోదు. కేవలం బురద కోసం చేసిన మడ్ టైర్లు మన వైపు కూరగాయల బండికి దండగ. తడి రేగడిలో బరువు బండి తిప్పితే దిగువ నేల అణిగి గట్టిపడి, వచ్చే పంట వేళ్ళు దిగవు. వాన వెలిసిన మరునాడు బండిని గట్టు మీదే నిలిపి, సరుకును తల మీద మోసుకు రావడం కొన్నిసార్లు టైరు కంటె చౌక.

కొనేటప్పుడు టైరు పక్క భాగం మీద రాసిన రాత చదవండి. 215/75 ఆర్ 15 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 75 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 15 అంగుళాలు. ఆ పక్కనే బరువు సూచి అంకె ఉంటుంది. 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోస్తుందని, 104 అంటే 900 కిలోలని అర్థం. బండితో వచ్చిన అంకె కంటె తక్కువ అంకె టైరు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఇంకొక చోట నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని. గాళ్ళు నిండుగా ఉన్నా ఆరేండ్లు దాటి పక్కలు బీటలు వారిన సెకండ్ హ్యాండ్ టైరు బేరం కాదు. "పెద్ద సైజు వేస్తే బండి ఎత్తు అవుతుంది, చూడటానికి దర్జాగా ఉంటుంది" అంటారు. దర్జా సంగతి ఏమోగాని, మీటరు వేగాన్ని తక్కువ చూపుతుంది, బ్రేకు మీద భారం పడుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

ఇక కాపాడుకోవడం. కందెన గొట్టం గుర్తున్నదా? ఈనాడు గాలి కొలిచే గేజీకి అదే స్థానం. మూడు నాలుగు వందల రూపాయల్లో మంచి గేజీ వస్తుంది. వారానికొకసారి, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపుతుంది. గాలి వేడిమి పది డిగ్రీలు పెరిగితే రెండు పౌండ్ల దాకా తేడా వస్తుంది. వేడి టైరు చూచి గాలి తీసివేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఉంటుంది. ఖాళీ బండికి ఒక లెక్క, బరువు బండికి ఒక లెక్క, వెనుక చక్రాలకు వేరే లెక్క.

"అయ్యా, నాలుగు పౌండ్లు ఎక్కువ కొట్టిస్తే మైలేజీ వస్తుందట గదా?" అని అడుగుతారు. కొంచెం రావచ్చు. కాని పీట చిన్నదై నడిమి భాగమే అరుగుతుంది, బ్రేకు వేస్తే జారుతుంది, గుంతలో పడితే దెబ్బ తింటుంది. గాలి తక్కువైతే అంతకంటె చెడ్డది. రెండు అంచులు అరుగుతాయి, పక్క భాగం తిరిగినప్పుడల్లా నలిగి లోపల వేడెక్కుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, నిండు బరువుతో, వేగంగా పోతున్న గాలి తక్కువ టైరు పేలడానికి వేరే కారణం అక్కరలేదు. ఒకే అంచు అరుగుతుంటే చక్రం వంకర, అలైన్‌మెంటు చేయించాలి. అక్కడక్కడ గిన్నెల్లాగా అరిగితే షాక్ అబ్సార్బర్లు చూపించాలి. బురద దాటడానికి గాలి తగ్గించినవారు తారు ఎక్కకముందే మళ్ళీ నింపాలి. చేతిపంపో, బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపో దగ్గర లేకుంటే అసలు తగ్గించనే వద్దు.

మన గట్ల మీద సర్కారు తుమ్మ విపరీతం. సాయంత్రం బండి నిలిపాక దీపం పట్టి టైర్లను ఒక్కసారి తడిమి చూస్తే ముల్లు, మేకు, దిమ్మల సందున ఇరికిన కంకర రాయి కనబడతాయి. రాయిని అప్పుడే తీసేయాలి, లేకుంటే అది లోపలికి తొలుచుకుంటూ పోతుంది. ట్యూబులెస్ టైరులో ముల్లు దిగితే గాలి వెంటనే పోదు. అది సుగుణమే గాని, దాన్ని నమ్మి వారాల తరబడి తిరిగితే సన్నగా నీరు దిగి ఉక్కు తీగ తుప్పు పడుతుంది. పక్క భాగం చీలితే పంక్చరు అతకదు. అతికిస్తానన్నా అతికించుకోవద్దు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకొకసారి చక్రాల చోటు మార్పించండి. విప్పి బిగించిన నట్లను ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించాలి. స్టెప్నీలో గాలి చూడటం మరువవద్దు. అవసరమైన రాత్రి అది మెత్తగా ఉండటం చాలామందికి అనుభవమే.

గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మ కనబడుతుంది. అరుగుదల దాన్ని తాకితే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. మృగశిర కార్తె వానలకు ముందే ఆ టైరు మార్చాలి. తొలి వానకు దుమ్ము, నూనె కలిసి తారు సబ్బులా ఉంటుంది. గాళ్ళు లేని టైరు నీటిని పక్కలకు నెట్టలేక దాని మీద తేలిపోతుంది. అరిగిన టైరుకు వేడి కత్తితో కొత్త గాళ్ళు కోసి అమ్మేవారున్నారు. అది టైరు కాదు, గండం. మంచి చోట చేయించిన రీట్రెడింగు వేరు. మద్రాసులో బొమ్మ బుడగల తయారీతో 1946లో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. 1952లో చేపట్టింది ఈ రీట్రెడింగు రబ్బరునే, టైర్ల తయారీ ఆ తరువాతి మాట. ఇప్పుడు మన సదాశివపేట దగ్గర కూడా వారి కర్మాగారం ఉన్నది. ఒళ్ళు గట్టిగా ఉన్న టైరుకు రీట్రెడింగు చేయించి వెనుక చక్రాలకు వాడుకోవచ్చు. ముందుకు వద్దు.

బరువు మాట చెప్పకపోతే ఇదంతా నీళ్ళలో పోసిన పన్నీరే. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిలో రోడ్ల మీద బరువు బండ్లు తిప్పి చూశారు. ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు పదహారు రెట్లని తేలింది. మన మొరం బాటలు మనమే వేసుకుంటాము, మనమే చెడగొట్టుకుంటాము. టైరుకూ అంతే. మోసే శక్తి దాటి వేసిన ప్రతి క్రేటు దాని ఆయుష్షులోనుంచి తీసి కిరాయిలో కలుపుకోవడమే. ఒక ట్రిప్పు మిగులుతుందని క్రేట్లు ఎత్తుగా పేర్చినవారు ఆ మిగిలిన డబ్బును టైరు ఖరీదుతో కలిపి ఒకసారి లెక్క వేసుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక హద్దు మించిన బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరొక 2,000. ఒకసారి పట్టుబడితే రెండు కొత్త టైర్ల ఖరీదు పోయినట్టే. ఎద్దు ఐతే మోయలేనప్పుడు కూలబడి చెప్పేది. టైరు పేలేదాకా చెప్పదు.

చివరగా పాత టైరు సంగతి. మన పల్లెల్లో దాన్ని ఊరకే పారేయరు. చెప్పులు కుడతారు, కుడితి తొట్టి చేస్తారు, పాతర గడ్డి మీద కప్పిన పట్టాకు బరువుగా పెడతారు. చెప్పులకు నైలాను టైరు మంచిది. వానకాలంలో ఆరుబయట పడి ఉన్న టైరులో నీరు నిలిచి డెంగీ దోమ పెరుగుతుంది కనుక రంధ్రాలు పొడిచి ఉంచండి. తగలబెట్టవద్దు. రేడియల్ టైరు ముక్కను మాత్రం పశువుల దగ్గరికి తేవద్దు. అది చివికితే లోపలి ఉక్కు తీగ సన్నని ముక్కలై గడ్డిలో కలుస్తుంది. పశువు ఏరుకొని తినదు, మేతతోపాటు మింగుతుంది. ఆ తీగ కడుపులో గుచ్చుకొని గుండె దాకా పోయిన పశువులున్నాయి. పాతర గడ్డి మీద బరువుకు ఇసుక సంచులు పెట్టుకోండి. తీగ బయటపడిన టైర్లను పాత సామాను కొనేవారికి ఇచ్చి పంపేయండి.